కాలి పుండుకు బలిముద్ద

అనంతపద్మనాభం అనే పేరు నోరు తిరిగి పలికే ఓపిక లేక ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీల్లో అందరూ ఆయన్ని వంటయ్యగారు అంటారు. ఆయనకూ అదే ఇష్టం. పేరు అమ్మానాన్నలు పెట్టింది, ఇది మాత్రం తాను సంపాదించుకున్నది అని ఆయన లెక్క. అక్కడి వేణుగోపాలస్వామి గుడి వంటింట్లో ఆయన తాత వండాడు, తండ్రి వండాడు, పెళ్లికి ముందునుంచీ ఆయన వండుతున్నాడు. తెల్లారకముందే నెత్తిమీద నుంచి చన్నీళ్లు గుమ్మరించుకుని, దండెం మీద ఎవరూ ముట్టకుండా ఆరిన మడిపంచె కట్టుకుని లోపలికి వెళ్లాడంటే, స్వామివారి నైవేద్యం పొయ్యి దిగాకే మళ్లీ మనుషుల్లోకి రావడం. ఈలోపు ఎవరైనా తగిలితే మళ్లీ స్నానం. తగిలినవాళ్లకు తిట్లు అదనం.

అంత మడి మనిషి కాలికి పుండు పట్టుకుంది. ఎడమ చీలమండకు లోపలివైపు కట్టెపుల్ల గీరుకుంటే పడ్డ చిన్న గీత అది. పసుపు అద్దాడు. కొబ్బరినూనె రాశాడు. మందుల షాపువాడు ఇచ్చిన పొడి చల్లాడు. గాలి తగిలితే ఎండిపోతుందని పంచె ఎగగట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. గీత కాస్తా పుండయింది, పుండు కాస్తా పెద్దదయింది. "గారెంత అయిందే" అని ఆయనే ఒకరోజు భార్య రమాబాయితో అన్నాడు. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో గారెలు చేయడం మానేసింది.

దాన్ని ఆయన ఇంకా ఎన్నాళ్లు దాచేవాడో గానీ, దసరా వెళ్లాక గుడి కమిటీ పెద్ద రామ్‌చందర్ కళ్లలో పడింది. వంటింటి గడప రాయి మీద పసుపుపచ్చ నీటి మరక చూసి, ఆ మరక వెంటే చూపు పోనిచ్చి, వంటయ్యగారి కాలి దగ్గర ఆగాడు. రామ్‌చందర్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆయన్ని తిట్టుకుని మనసు తేలిక చేసుకునే వీలుండేది.

"ఏందిది అయ్యగారూ? నీరు కారుతున్నది గదా."

"చిన్న గాయం. ఎండుతది."

"ఎండాలె మరి. కారే పుండుతోని మడి ఎట్ల నిలుస్తది? మీకు నేను చెప్పేదేంది. గిప్పుడైతే చిన్న వంటనే, నేను చూడనట్లే ఉంట. ధనుర్మాసం గట్ల కాదు. నెలంత తెల్లారుజామున పొంగలి, గుడి నిండ జనం. అప్పటిదాక మానితే మీరే వండున్రి. మానకుంటే గోవింద్ చేస్తడు."

గోవింద్ వంటయ్యగారి మేనల్లుడు. పెళ్లిళ్లకు వంటలు చేస్తాడు, గ్యాసు పొయ్యి మీద. ఆ ఒక్కమాట చాలు, వంటయ్యగారి దృష్టిలో వాడి విద్యంతా తేలిపోవడానికి. స్వామికి కట్టెల పొయ్యి మీద తప్ప వండకూడదని కాదు శాస్త్రం, తాను వండాలని ఆయన శాస్త్రం. ధనుర్మాసం పొంగలి తన చేతిలోంచి పోతే ఇక మిగిలేదేమిటో ఆయనకు తోచలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడే రమాబాయి ఆయన్ని ఆటో ఎక్కించి సంతోష్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ కాలంతా నొక్కి చూసి, షుగర్ లేదని, సిరల్లో రక్తం పైకెక్కకుండా కిందే నిలిచిపోతోందని చెప్పింది. పొయ్యి ముందు అన్నేళ్లు నిలబడితే కాలు ఊరుకుంటుందా అని కూడా అంది. పుండు మీద మందుపట్టీ, దాని మీద మెత్త, ఆ పైన వేళ్ల దగ్గర్నుంచి మోకాలి దాకా బిగుతు కట్టు. వారానికోసారి వచ్చి మార్పించుకోవాలి. మధ్యలో విప్పకూడదు. కూర్చున్నప్పుడల్లా కాలు ఎత్తు మీద పెట్టాలి. ఇంతేనా వైద్యం, ఈమాత్రానికి ఇన్నాళ్లు దాచుకున్నానా అనుకున్నాడు వంటయ్యగారు.

కట్టు కట్టేది షారోన్ అనే నర్సు. ఆమెదీ ఫలక్‌నుమానే. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గుడి గంటతో పాటు చర్చి గంటా వింటూ పెరిగిన పిల్ల కాబట్టి ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది.

"వంటయ్యగారు గదా మీరు? మా నాన్న మీ పులిహోర కోసం ముక్కోటి నాడు లైన్ల నిలబడేది" అంది.

ఆయన మనసు చల్లబడింది. ఆమె పుండు కడిగి, పొట్లంలోంచి తెల్లటి పల్చటి రేకు ఒకటి తీసి, కత్తెరతో పుండంత మేరకు కత్తిరించి దాని మీద పరిచింది. అప్పడం పిండి ఒత్తినట్టు అంత నున్నగా ఉంది అది. చూసి ముచ్చటపడి, "దేనితోని చేస్తరమ్మా ఇది?" అని అడిగాడు.

"కొలాజెన్ అయ్యగారూ. తోలుల ఉంటది. బర్రె, గొడ్డు తోలు నుంచి తీస్తరు ఎక్కువ. మీరు గుడి మనిషని నేనే మేడమ్‌కు చెప్పి చేప తోలుది తెప్పించిన."

ఎంతో మర్యాదగా, ఆయనకేదో ఉపకారం చేసినట్టే చెప్పింది. చేసింది ఉపకారమే. వంటయ్యగారి ముఖంలో మాత్రం రక్తం ఒక్కసారి దిగిపోయింది. కాలు చాచి కూర్చున్నాడు. ఆమె వేళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒద్దికగా బిగించుకుంటూ వచ్చి, చివరను తెల్ల టేపుతో అతికించి, "వారం దాక ముట్టొద్దు అయ్యగారూ, మంచిగైతది, ఫికర్ చేయకున్రి" అని పంపింది.

ఆటోలో దారి పొడుగునా ఆయన కాలిని పక్కవాడి సామానులా చూసుకున్నాడు. ఇంటికి రాగానే రమాబాయి పీట తెచ్చి వేసింది. కాలు దాని మీద పెట్టాడు, మళ్లీ తీశాడు.

"చేపనే" అన్నాడు.

"విన్న. అయితే ఏమాయె? మీరు తింటలేరు గదా."

"కాలికి చేప కట్టుకొని స్వామి పొంగలి కలుపుతనా?"

"మరి పుండుతోని కలుపుతున్నరు గదా ఇన్ని రోజులు" అంది రమాబాయి. ఆవిడ మాట ఎప్పుడూ అంతే, అనవలసిన చోట అనేసి కూరగాయల బుట్ట దగ్గరికి వెళ్లిపోతుంది.

తెల్లారుజామున ఆయన చేసిన పని ఇది. స్నానానికి ముందు నీళ్ల గది గట్టు మీద కూర్చుని, టేపును చిరగకుండా ఊడదీసి గోడకు అంటించాడు. కట్టు విప్పి చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. మెత్త తీశాడు. కింద, నిన్న షారోన్ పరిచిన తెల్ల రేకు లేదు. దాని బదులు పలుచని జావలాంటిది, కాస్త పచ్చగా, కాస్త బంకగా పుండంతా పరుచుకుని ఉంది. చీము అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. తడిగుడ్డతో శుభ్రంగా, మూలమూలా తుడిచి, నెత్తిమీద నుంచి నీళ్లు గుమ్మరించుకుని, పుండు మీద మడిగుడ్డ పేలిక చుట్టి గుడికెళ్లాడు. వంట దించి ఇంటికొచ్చాక మళ్లీ ఆ మెత్తే పెట్టి, ఆ కట్టే చుట్టి, ఆ టేపే అతికించాడు. స్వామికీ అన్యాయం జరగలేదు, డాక్టరమ్మకూ అన్యాయం జరగలేదు అని తృప్తిపడ్డాడు. తన కాలి సంగతి ఆ లెక్కలో ఎక్కడా రాలేదు.

రోజూ ఇదే నడిచింది. రమాబాయి చూస్తూనే ఉంది. మొదటి వారం అరిచింది, రెండో వారం మాట్లాడటం మానేసింది, ఆ తర్వాత అదీ లాభం లేదని మళ్లీ అరవడం మొదలుపెట్టింది. "గా పిల్ల వారం దాక ముట్టొద్దన్నది. మీకు చెవుల పడలేదా? పడి గూడ పడనట్లున్నరా?" అని. "ముట్టుకోకుండ మడి ఎట్ల?" అనేవాడు ఆయన. ఆవిడ దండెం వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయేది. ఆవిడా ఆ ఇంట్లోనే ముసలిదవుతోంది, మడిబట్ట దండెం మీద ఎలా వేయాలో, కర్రతో ఎలా తీయాలో పిల్లకాలం నుంచి తెలిసినదే.

సంతోష్‌నగర్ వెళ్లిన ప్రతిసారీ షారోన్ పుండును ఒక చిన్న ప్లాస్టిక్ కొలబద్దతో కొలిచి ముఖం చిట్లించేది. తగ్గలేదు. అంచున కొంచెం ఎర్రటి కండ పుడుతుంది, మళ్లీ వచ్చేసరికి కరిగిపోయి ఉంటుంది. నీరు కారడం ఆగలేదు. చీము పట్టిందేమోనని పరీక్షకు పంపారు, లేదని వచ్చింది. "ఈ పట్టీ పడతలేదేమో. ఇంక పెద్ద దవాఖానకు పంపి తోలు అతికించుడు గురించి అడగాలె" అంది డాక్టరమ్మ. ఆస్పత్రిలో పడుకోవడమంటే కార్తీకం పోయి ధనుర్మాసం వచ్చినా మంచం మీదే. ఇంత జాగ్రత్తగా ఉంటున్నా ఎందుకు మానదు అని ఆయన నిజంగానే, మనస్ఫూర్తిగా బాధపడ్డాడు.

గుట్టు బయటపెట్టింది టేపు. అన్నిసార్లు ఊడదీసి అతికిస్తే ఏ టేపుకైనా జిగురు ఎంతకాలం ఉంటుంది? ఆ వారం ఊడిపోతుంటే ఆయన విసుగొచ్చి కట్టు చివరను లోపలికి దోపేసి, టేపును ఊరికే మీద అంటించాడు. షారోన్ కట్టు విప్పబోయి చెయ్యి ఆపింది.

"అయ్యగారూ, ఇది నేను కట్టింది కాదు."

"మరి ఎవరు కడ్తరమ్మా?"

"గదే నేను అడుగుతున్న. నేను టేపు వేస్త. ఇది పంచె దోపుకున్నట్లు దోపిండ్రు."

రమాబాయి గోడవైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. వంటయ్యగారు ఇక దాచలేదు. దాచే తెలివి ఆయనకు పెద్దగా లేదు కూడా. రోజూ విప్పుతున్నానని, తుడుస్తున్నానని, వంటయ్యాక మళ్లీ కడుతున్నానని చెప్పాడు. ఎందుకో చెప్పేటప్పుడు మాత్రం గొంతు చిన్నదయింది.

షారోన్ పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఆమెకు కోపం రాలేదు, అదే ఆయనకు ఇబ్బంది అనిపించింది.

"చేప అని నేనే చెప్పిన గదా. గప్పుడే మీ మొఖం చూసి అడగాల్సింది" అంది. "సరే, గిది వినున్రి. దెబ్బ తగిలితే మన ఒంట్లనే కొన్ని పుడ్తయి. ఎంజైములంటరు. కత్తెర్లసోంటియి. చచ్చిన కండను కోసి, తిని, జాగ సాఫ్ చేస్తయి. అవి లేకుంటే ఏ గాయం మానదు. పని కాంగనే పోవాలె. మీ కాలు మీద పోతలేవు. నీరు నిలిచిన కాలు గదా, దిగబడిపోయినయి. చచ్చిన కండ అయిపోయింది, ఇంక కొత్తగ పుట్టే కండను గూడ తింటున్నయి. మీ ఒళ్లు కడుతనే ఉన్నది, అవి కూలగొడ్తనే ఉన్నయి."

"పురుగులా?"

"పురుగులు కాదు అయ్యగారూ. మీ ఒంట్లయే. కండ్లకు కనపడయి. వాటిని చంపరాదు, చంపితే సాఫ్ చేసేటోడే ఉండడు. గందుకే ఈ రేకు. దీంట్ల ఉన్నది గూడ అవి తినేదే. మీ కండ బదులు దీన్ని పెడ్తున్నం. అవి దీని మీద పడి తింటయి, దీన్నే పట్టుకొని ఉంటయి. గంతసేపు మీ కండను ఇడిచిపెడ్తయి. కొత్త తోలు అల్లుకునేటందుకు టైం దొరుకుతది. తినంగ తినంగ రేకు జావలెక్క అయితది."

"పచ్చగ, బంకగనా?"

"ఆఁ, గదే."

"నేను చీము అనుకున్న."

"మీరు తుడిచింది చీము కాదు. వాటి తిండి, సగం తిన్నది. పొద్దుగాలనే మీరు సాఫ్ చేస్తుంటే అవేం చేస్తయి? మళ్లీ మీ కండ మీదనే పడ్డయి. పైన కట్టు గూడ వదులైపోయె."

వంటయ్యగారి కళ్ల ముందు గుడి బలిపీఠం కదిలింది. నైవేద్యమయ్యాక దాని మీద ఒక అన్నం ముద్ద పెట్టి రావడం ఆ గుళ్లో వంటవాడి పని. దేవుడికి కాదది. పేరూ ఊరూ లేని చిల్లర భూతాలకు. వాటిని తరమకూడదు, గుళ్లోకి రానివ్వకూడదు. బయట వాటి ముద్ద వాటికి పెడితే తిని ఊరుకుంటాయి. పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు, పెట్టిన ముద్దను మళ్లీ ముట్టకూడదు. చిన్నప్పుడు ఒకసారి ముద్దకు చీమలు పట్టాయని ఆయన తీసి పారేసి, పీఠం శుభ్రంగా కడిగి, తండ్రి మెచ్చుకుంటాడని ఎదురుచూశాడు. తండ్రి వీపు మోగించాడు. తినేవాళ్ల విస్తరి ముందునుంచి తీసేస్తావురా అని.

"బలిముద్ద ఎత్తి పారేసిన" అన్నాడు చివరికి.

షారోన్‌కు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, "గంతే అయ్యగారూ, రోజూ ఎత్తి పారేసిండ్రు" అంది.

ఆమె ఇంకోమాట కూడా చెప్పింది. "చేప వద్దంటే ఇంకో రకం ఉన్నది. చెట్ల పీచుతోని చేస్తరు. అది తిండి పెట్టదు. నీటితోపాటు వాటిని గూడ పీల్చి తనల పట్టి ఉంచుతది. మేడమ్‌ను అడుగుతా. కానీ ఏదైనా సరే, వారం దాక తీయొద్దు. తీస్తే ఏదీ పని చేయదు."

రమాబాయి ఆశగా ఆయన ముఖంలోకి చూసింది. వంటయ్యగారు తల అడ్డంగా ఊపాడు.

"ముద్ద తినేటోళ్ల కోసం పెడ్తం. పెట్టేటోని ఇష్టం కోసం కాదు. వాటికి ఏది ఇష్టమో గదే పెట్టు బిడ్డా" అన్నాడు. తర్వాత అడగాలనుకున్నది అడిగాడు. "గిప్పటి నుంచి విప్పకుండ ఉంటే ధనుర్మాసం లోపల మానుతదా?"

"మానదు అయ్యగారూ. మీకు అబద్ధం చెప్ప. తగ్గుతది గని మానదు. గిట్లనే తీసుకుంట పెట్టుకుంట ఉన్నరనుకో, వచ్చే ఏడు ధనుర్మాసానికి గూడ గిట్లనే ఉంటది. ఇంక పెద్దగైతది."

అంటే విప్పినా పొంగలి పోయింది, విప్పకపోయినా పోయింది. వంటిల్లు దక్కించుకోవడానికి తాను రోజూ చేసిన పనే వంటిల్లు పోగొట్టిందని ఆయనకు అప్పుడు బోధపడింది. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేని కష్టం అది. కాలు చాచి, "కట్టు తల్లీ, గట్టిగ కట్టు" అన్నాడు.

ఆ సాయంత్రమే గోవింద్‌ను పిలిచాడు. మేనల్లుడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామ తిట్టడానికే పిలిచాడనుకున్నాడు పాపం.

"రేపటి సంది నువ్వే వండు."

"మామా, మీరు చెప్తే ధనుర్మాసం వరకు..."

"ధనుర్మాసం గూడ నువ్వే. కట్టెల పొయ్యి మీద వండు. పెసరపప్పు వేయించేటప్పుడు ఫోన్ మాట్లాడకు. ఎసరుల బియ్యం వేసినంక మూత తీసి తీసి చూడకు. ఇంకేం లేదు."

ఇంకా చాలా ఉంది. చెబుతూ పోతే తెల్లారుతుంది, చెప్పినా వాడికి చేతిలోకి వచ్చేది కాదు. అందుకే ఆపేశాడు. గోవింద్ వెళ్లబోతూ ఆయన కాళ్లకు దండం పెట్టబోయి, కట్టు చూసి, ఏ కాలు ముట్టాలో తెలియక రెండు చేతులూ నేలకు తగిలించి లేచాడు.

తర్వాతి రోజులు వంటయ్యగారికి జైలే. తెల్లవారుజామున ఎవరూ లేపకపోయినా మెలకువ వచ్చేస్తుంది. రమాబాయి మోకాలి దాకా పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే, కాలు తడవని స్నానం చేసేవాడు. దాన్ని స్నానం అనడానికి మొదట్లో ఆయనకు నోరొచ్చేది కాదు. తర్వాత పీట మీద కాలెత్తి పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. గల్లీలో పాలవాడు అజీమ్ వెళ్తూ, "క్యా పంతుల్ సాబ్, ఛుట్టీ?" అని పలకరిస్తే, "హాఁ భాయ్, ఛుట్టీ" అని సెలవులో ఉన్నవాడిలా నవ్వడం నేర్చుకున్నాడు. కట్టు కింద దురద పుట్టేది. విప్పాలని చెయ్యి పోయేది. అవి తింటున్నాయి, తిననీ అనుకుని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

రెండు వారాలకు షారోన్ కట్టు విప్పినప్పుడు పైన జావ పల్చగా ఉంది. ఆమె నెమ్మదిగా కడిగితే అడుగున ఎర్రటి కండ, దానిమ్మ గింజల్లా గుత్తులుగా కనిపించింది. కరగలేదు. కొలబద్ద పెట్టి చూసి ఆమె మొదటిసారి నవ్వింది. రమాబాయి అక్కడే కుర్చీలో కూర్చుని గట్టిగా ఏడ్చేసింది. "నవ్వాలె గని ఏడుస్తరేందమ్మా" అని షారోన్ ఆవిడ భుజం తట్టింది.

ధనుర్మాసం మొదటి రోజు పుండు ఇంకా ఉంది, సగమై ఉంది. వంటయ్యగారు గుడికి వెళ్లాడు. వంటింటి తలుపు వైపు కాదు, జనం నిలబడే వరుసలోకి. ఆయన్ని అక్కడ చూసి ముందున్నవాళ్లు పక్కకు తప్పుకుని దారివ్వబోయారు, వద్దన్నాడు. చలి. ముందు స్వెట్టర్లు, శాలువాలు, టోపీలు. వంటింటి పొగ వాసనలోంచి నెయ్యి, మిరియాల వాసన విడివిడిగా ఆయన ముక్కుకు తగిలాయి. పప్పు మాడలేదు. అది మాత్రం తెలిసిపోయింది.

వంటవాడు నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు. అయ్యాక అందరికీ పెట్టేసరికి ఆయన వాటా ఎప్పుడూ చల్లారిపోయి, గిన్నె అడుగున గట్టిపడి ఉండేది. తాను వండిన పొంగలి వేడిగా ఎలా ఉంటుందో ఆయన ఒక్కసారీ తినలేదు. ఇప్పుడు గోవింద్ వండినది ఆకు దొప్పలో వేడివేడిగా చేతిలో పడింది. ఆయన ఒక పక్కకు జరిగి నోట్లో పెట్టుకున్నాడు.

బాగుంది. బాగా ఉంది. అదే ఆయనకు భరించలేనంత కష్టమైంది. పాడు చేసుంటే వాణ్ని తిట్టి ఇంటికెళ్లి హాయిగా పడుకునేవాడు. దొప్ప ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

గోవింద్ మడిపంచెతో తలుపు దగ్గరికొచ్చి, ఎవరికీ తగలకుండా దూరంగా నిలబడి, "మామా, ఎట్లున్నది?" అని కేకేశాడు. వాడి కళ్లు పొగకు ఎర్రగా ఉన్నాయి.

"మిర్యాలు జర దంచి వెయ్యి. గింజలకు గింజలే వేస్తే పిల్లలు ఏరి పారేస్తరు" అన్నాడు వంటయ్యగారు. ఖాళీ దొప్ప పైకెత్తి చూపి, "ఇంకో దొప్ప పంపు" అన్నాడు.

మాఘమాసం నడిచేటప్పటికి పుండు పూర్తిగా మూసుకుంది. ఆ చోట పలుచటి మెరిసే చర్మం, చంటిపిల్ల చర్మంలా. డాక్టరమ్మ సంతోషించి, వెంటనే ఆ సంతోషం మీద నీళ్లు చల్లింది. సిరలు ఎక్కడికీ పోలేదు. గంటలకొద్దీ నిలబడితే మళ్లీ వస్తుంది. ఇక బతికినన్నాళ్లూ పొద్దున లేవగానే మోకాలి దాకా బిగుతు సాక్సు వేసుకోవాలి, పడుకునేటప్పుడే తీయాలి.

వంటయ్యగారు షారోన్ వైపు తిరిగాడు. "ఇది రోజూ నీళ్లల పిండి ఆరేసుకోవచ్చునా?"

"ఉతుక్కోవచ్చు అయ్యగారూ. ఎండల వేయొద్దు, నీడకు వేయాలె. రెండు జతలు తీసుకోండ్రి, ఒకటి వేసుకొని ఒకటి ఆరేసుకోవచ్చు."

"దీంట్ల చేప ఏం లేదు గదా?"

"ఏం లేదు. రబ్బరు, నైలాను."

మర్నాటి నుంచి ఆ ఇంటి మడి దండెం మీద పట్టుపంచె పక్కన చర్మం రంగు సాక్సు ఒకటి వేలాడింది. ఆయనే ఉతుకుతాడు, ఆయనే కర్రతో దింపుతాడు. పొరపాటున రమాబాయి చెయ్యి తగిలితే మళ్లీ నీళ్లు, మళ్లీ తిట్లు. ఆ తిట్లు విని చాలా రోజులైందని ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. రామ్‌చందర్ ఒకరోజు గడప అవతల నిలబడి ఆ కాలి వైపు చూసి, గడప రాయి వైపు చూసి, మరక లేదని రూఢి చేసుకుని, "రాండ్రి అయ్యగారూ" అన్నాడు. అంతకుమించి ఆ సాక్సు గురించి ఎవరూ ఏ శాస్త్రమూ ఎత్తలేదు.

గరిటె గోవింద్ చేతిలోనే ఉంది. అది ఇక వాడిదే. వంటయ్యగారు వంటింటి మూల పీట మీద కూర్చుని గుమ్మడికాయ తరుగుతాడు, అల్లం చెక్కు తీస్తాడు, వాసన పట్టి "దించు" అంటాడు. కాలు ఎత్తు మీద పెట్టాలి కదా, గర్భగుడి వైపు కాళ్లు చాచకూడదు కదా, అందుకని పీటను వీధి గోడ వైపు తిప్పుకున్నాడు. స్వామి ఆయనకు వీపు వెనకున్నాడు. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ కూర్చోలేదు. మొదట్లో గుబులుగానే ఉండేది.

నైవేద్యమయ్యాక బలిముద్ద తీసుకెళ్లే పని మాత్రం ఆయన వాడికివ్వలేదు. తాను తిరిగి వంటింట్లో అడుగుపెట్టిన మొదటి రోజు అన్నం ముద్ద చేసి, ఆకులో పెట్టుకుని, నెమ్మదిగా నడిచి బలిపీఠం మీద పెట్టాడు. తినండి అని మనసులో అనుకోవడం మామూలే. ఆరోజు పెదవులు కదిలి పైకే అనేశాడు. తిరిగి వస్తుంటే వెనక కాకి వాలిన చప్పుడైంది. వెనక్కి చూడలేదు. వంటింటి గడప దాటబోతూ కాలు తడిగా లేదు కదా అని మాత్రం ఒకసారి కిందికి చూసుకున్నాడు.